కువైట్ అయిదు గంటలే, కాగితాలు కదిలితేనే!

రాజంపేట: కువైట్ మనకు ఎంత దూరం? చాలామంది టిక్కెట్టు మీది వేళలు చూసి లెక్క చెబుతారు. ఆ లెక్క తరచు తప్పుతుంది.

చెన్నై విమానాశ్రయం నుంచి కువైట్‌కు ఆకాశమార్గాన సుమారు 3,780 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి అయితే సుమారు 3,370. చెన్నై నుంచి నేరుగా వెళ్లే విమానానికి దాదాపు 5 గంటలు పడుతుంది. ఉదయం 6కు ఎక్కి 8.30కు దిగినట్లు టిక్కెట్టులో ఉంటే రెండున్నర గంటల ప్రయాణమని అనుకోరాదు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. రాకలో ఇది తిరగబడుతుంది. రాత్రి 9కి అక్కడ ఎక్కినవారు ఇక్కడ తెల్లవారుజామున 4కు దిగితే ఏడు గంటలు కాదు, నాలుగున్నరే. పడమటి గాలి నెట్టడం వల్ల రాకలో కొంత సమయం కలిసివస్తుంది. మనవాళ్లను తీసుకురావడానికి కారు మాట్లాడుకునేవారికి దిగే వేళ మన గడియారం ప్రకారమే ఉంటుంది.

ధర తక్కువని ఏజెంట్లు దోహా, మస్కట్‌ల మీదుగా ఇచ్చే టిక్కెట్లలో మధ్యలో ఎన్ని గంటలు కూర్చోవాలో డబ్బు కట్టేముందే అడగాలి. అయిదు గంటల దారి ఒక పూట, ఒక్కోసారి రోజు కూడా అవుతుంది.

అయితే అసలు చిక్కు ఆకాశంలో లేదు. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు కువైట్ తన గగనతలాన్ని మూసింది. అది కొన్ని గంటల్లో తెరుచుకుంది. అదే ఏడాది జూలై 1 నుంచి వచ్చిన నిబంధన మాత్రం గంటలతో పోయేది కాదు. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన అనుమతి ఉండాలి. దరఖాస్తు సెల్‌ఫోనులోనే పెట్టవచ్చు, నిజమే. కానీ అర్ధరాత్రి తండ్రి పోయాడని కబురు అందితే యజమాని ఎప్పుడు నిద్ర లేస్తాడు, ఎప్పుడు సరే అంటాడు? ఇక్కడ శవాన్ని ఐసుపెట్టెలో పెట్టి కొడుకు కోసం చూసే కుటుంబానికి కువైట్ దూరం అదే.

అక్కడే చనిపోతే మరీ కష్టం. 2024 జూన్ 12న మంగఫ్ అగ్నిప్రమాదంలో 45 మంది భారతీయులు మరణించారు. రెండు ప్రభుత్వాలూ కదిలాయి గనుక 14వ తేదీకే వాయుసేన విమానంలో మృతదేహాలు కొచ్చి చేరాయి. ఒంటరిగా పోయిన కూలీకి అంత హడావుడి ఎవరు చేస్తారు? మరణ ధ్రువపత్రం, పోలీసు కాగితం, పాస్‌పోర్టు రద్దు, మన రాయబార కార్యాలయం అనుమతి, కుటుంబం అంగీకారపత్రం, అన్నీ ఒకదాని వెనుక ఒకటి రావాలి.

అందుకే వెళ్లేవారు పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు, యజమాని ఫోను నంబరు ఇంట్లో ఉంచి బయలుదేరాలి. అక్కడ సివిల్ ఐడీ చేతికి రాగానే దాని నకలు కూడా పంపాలి. ఆపద వచ్చినప్పుడు అధికారులు మొదట అడిగేవి అవే.