ఒడ్డునే బిగించిన పేజీ

పరీక్షా ఫలితాల రోజు. ఇంటిల్లిపాదీ ఒక్క సెల్‌ఫోన్ చుట్టూ చేరతారు. హాల్‌టికెట్ నంబరు కొడతారు. తెర తెల్లగా ఉండిపోతుంది. గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. తప్పు నెట్‌వర్క్‌దేనా? కానక్కర్లేదు. పేజీ ఎక్కడ తయారవుతోందన్నదీ ముఖ్యమే.

వెబ్ పేజీని ఇప్పుడు ఒకే ముద్దగా రాయడం తక్కువ. పైన పేరు, మధ్యలో మార్కుల పట్టిక, కింద బటన్... ఇలా విడి భాగాలుగా రాసుకుంటారు. వీటినే కాంపొనెంట్లు అంటారు. ఫేస్‌బుక్ 2013లో విడుదల చేసిన రియాక్ట్‌తో ఈ పద్ధతి బాగా పాకింది. చిక్కల్లా బిగింపు దగ్గరే! చాలా సైట్లు ఆ పనిని ఫోన్‌కే వదిలేస్తాయి. ఖరీదైన ఫోన్ చకచకా బిగించేస్తుంది. చవక ఫోను, అంతంతమాత్రం సిగ్నల్ ఉన్నవారికి మాత్రం ఎదురుచూపులే.

విశాఖవాసులకు ఈ సంగతి చెప్పడం తేలిక. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' నీళ్లలోకి దిగింది ఇక్కడి షిప్‌యార్డు నుంచే. ఈ రోజుల్లో ఓడను పెద్దపెద్ద బ్లాకులుగా కట్టి, వెల్డింగ్‌తో కలుపుతారు. అతుకుల్ని నీళ్లలోకి దించకముందే పరీక్షిస్తారు.

సర్వర్ సైడ్ రెండరింగ్ కూడా అలాంటిదే. భాగాలన్నీ సర్వర్‌లోనే బిగించి, పూర్తయిన పేజీని ఫోన్‌కు పంపుతారు. మరి అతుకులు చూసేదెవరు? కంపైలర్! గూగుల్ 2009లో ప్రకటించిన గో, 2015లో తొలి స్థిర వెర్షన్ వచ్చిన రస్ట్ లాంటి భాషల్లో రాసిన ప్రోగ్రామ్‌ను ముందుగానే యంత్రభాషలోకి మారుస్తారు. గోలో 'టెంపుల్', రస్ట్‌లో 'అస్కామా' అనే పనిముట్లతో పేజీ నమూనాలూ ఆ ప్రోగ్రామ్‌లో భాగమైపోతాయి. అంకె అందాల్సిన భాగానికి పేరు అందిస్తే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. లక్షలమంది ముందు బయటపడాల్సిన పొరపాటు ప్రోగ్రామర్ ముందే తేలిపోతుంది.

అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. బిగించే భారం సర్వర్ మీద పడుతుంది. కదిలే మ్యాపులు, ఆటల వంటి వాటికి ఫోన్‌లోనూ కొంత కోడ్ నడవాల్సిందే. మార్కులే తప్పుగా నమోదైతే కంపైలర్ పట్టుకోలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడినప్పుడు విశాఖలో ఫోన్లు మూగబోయాయి. అసలు సిగ్నలే లేనప్పుడు ఏ పద్ధతీ ఆదుకోదు. కానీ తుపాను వెలిశాక అరకొరగా తిరిగొచ్చే సిగ్నల్‌లో, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పే పేజీ తెరుచుకోవాలి. అది అందరికంటే చవక ఫోన్‌లో కూడా తెరుచుకోవాలి. పేజీ కట్టేవారు ముందుగా తలచుకోవాల్సింది ఆ ఫోన్‌నే!