అయిదు గొంతుల పెట్టె

సంగీతం పట్టుబడాలంటే గొంతయినా వుండాలి, వేళ్ళలో చురుకయినా వుండాలి, రెండూ లేనివాడు ముందువరసలో కూచుని తల వూపుకోవాలి అని మన పెద్దలు అంటూ వచ్చారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే గొంతూ, వేళ్ళూ కూడా అక్కరలేని సంగీతం ఒకటి వున్నది. దానికి కావలసినవి ఓపిక, కాస్త లెక్క, మంచి చెవి. ఈ వారం దాన్ని గురించే నాలుగు మాటలు. మా పత్తికొండలో నలుగురు కూచున్నచోట ఈ కబురు ఎత్తితే, "అదంతా సరే గాని, ఈ రోజు మార్కెట్లో టమోటా ఎంత పలికింది?" అంటారు. పాఠకులు అట్లా అనరని నా ధైర్యం.

1990 తర్వాతి సంవత్సరాలలో పిల్లలున్న ఇళ్ళవారికి టీవీకి తగిలించి ఆడే ఆటపెట్టె గుర్తుండే వుంటుంది. కాసెట్టు నొక్కి, మీట వేస్తే, మీసాల మనిషి ఒకడు గెంతుతూ నాణేలు ఏరుకునేవాడు. మనం దాన్ని "టీవీ గేము" అన్నాం. దాని తల్లి జపానులో 1983 జూలైలో నింటెండో కంపెనీవారు అమ్మకానికి పెట్టిన ఫ్యామికామ్ అనే యంత్రం. ఈ కంపెనీ 1889లో క్యోటో నగరంలో పేకముక్కలు చేయటంతో మొదలయిందంటే ఆశ్చర్యంగానే వుంటుంది. మన బజార్లలో దొరికిన పెట్టెలు చాలావరకు ఆ ఫ్యామికామ్‌కు నకళ్ళు.

ఆ పెట్టెలోంచి వచ్చే "టింగు టింగు" సంగీతానికి ఇప్పుడు చిప్‌ట్యూన్ అని పేరు. అది రికార్డు చేసిన పాట కాదు. సినిమా పాట ఒకరు పాడగా పట్టి దాచినది. ఇది అట్లా కాదు. పెట్టెలో ఒక చిన్న చిప్పు వుంటుంది. ఏ స్వరం, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్న అంకెలు అందిస్తే, అప్పటికప్పుడు అది ధ్వని పుట్టిస్తుంది. అంటే కాసెట్టులో వున్నది పాట కాదు, పాటకు స్వరం రాసిన కాగితం అన్నమాట. అందుకే 1985లో వచ్చిన "సూపర్ మారియో బ్రదర్స్" ఆట యావత్తూ, బొమ్మలూ సంగీతమూ కలిపి, 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. ఈ రోజున ఫోనుతో తీసిన ఒక్క ఫోటోకు అంతకు ఎన్నో పదుల రెట్లు చోటు కావాలి. ఆ ఆటకు సంగీతం కూర్చినాయన కోజి కోండో. "ఇదీ ఒక సంగీతమేనా?" అనేవారికి ఒక్క సంగతి మనవి చేస్తాను. ఆయన కట్టిన ఆ వరసను 2023లో అమెరికావారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, దేశం భద్రపరచుకోవలసిన ధ్వనుల పట్టికలో చేర్చింది. ఆటల సంగీతానికి ఆ గౌరవం దక్కటం అదే మొదలు.

ఇక ఆ చిప్పుకు గొంతులు అయిదంటే అయిదే. మన కచేరీ వేదికతో పోల్చి చెబుతాను.

మొదటి రెండూ కవల గొంతులు. ఒకటి పాటగాడు, రెండోది పక్కన కూచున్న వయొలిన్ విద్వాంసుడు అనుకోండి. వీటి ధ్వని మెత్తగా వంపు తిరగదు, మెట్టులాగా ఒక్కసారి లేచి ఒక్కసారి పడుతుంది. ఎంత వంతుసేపు లేచి వుండాలో మనం నిర్ణయించవచ్చు: ఎనిమిదో వంతా, పావా, సగమా, ముప్పావా అని. ఎనిమిదో వంతు పెడితే సన్నాయిలాగా ముక్కుతో పలుకుతుంది. సగం పెడితే పిల్లనగ్రోవిలాగా బోలుగా వుంటుంది. పావుకూ ముప్పావుకూ చెవికి తేడా తెలియదు. గట్టితనానికి 0 నుంచి 15 వరకు పదహారు మెట్లు.

మూడో గొంతు గంభీరం. ఇది తంబురా పనికీ, అడుగు స్వరాలకూ బాగుంటుంది. దీనిలో ఒక పేచీ వున్నది. హెచ్చు తగ్గులు లేవు. పలికితే పూర్తిగా పలుకుతుంది, లేకపోతే నోరు మూసుకుంటుంది. మొండిపట్టు పట్టే మామగారివంటిది.

నాలుగోదానికి స్వరం లేదు, వుత్త హోరు. దాన్ని పొట్టిగా తెంపితే మృదంగం, డప్పు, తాళం అవుతుంది. అయిదోది మాత్రం చిన్న చిన్న రికార్డు ముక్కలు వినిపించగలదు. కొత్తగా నేర్చుకునేవారు దాని జోలికి పోకపోవటం మంచిది. మొదటి నాలుగూ లొంగటానికే కొన్ని నెలలు పడుతుంది.

ఇంకొక సంగతి. ఆటలో మనిషి ఎగిరినప్పుడూ, నాణెం దొరికినప్పుడూ ఆ చప్పుడుకు వేరే గొంతు లేదు. పాటలో వున్న గొంతే పాట ఆపి, ఆ చప్పుడు చేసి, మళ్ళీ పాటలో కలుస్తుంది. వంటా, చాకిరీ, పిల్లల చదువూ ఒక్క చేత్తో నెట్టుకువచ్చే ఇల్లాలివంటి ఏర్పాటు.

ఈ పాటలు రాయటానికి వాడే సాధనాన్ని ట్రాకర్ అంటారు. కార్‌స్టెన్ ఒబార్‌స్కీ అనే జర్మను దేశస్థుడు 1987లో అమీగా కంప్యూటరు కోసం చేసిన దానితో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. మా ప్రాంతపు ఎర్రగుడిలో అశోకుడి శాసనం వున్నది. దానిలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, కొన్ని కుడినుంచి ఎడమకూ నడుస్తాయి. ఈ ట్రాకర్‌లో పాట పైనుంచి కిందికి దిగుతుంది! గొంతుకొక నిలువు గడి, ఆ గడిలో వరసకొక స్వరం. మామూలుగా ఒక పుటకు 64 వరసలు. ఫ్యామీట్రాకర్, ఫ్యామీస్టూడియో అనేవి ఈ చిప్పు కోసమే చేసినవి. ఫ్యామీస్టూడియోలో స్వరాలను వరసల్లో కాక అడ్డగీతలుగా గీస్తారు. అది కొత్తవారికి సులువు. రెండూ ఉచితం.

మన సంగీతం తెలిసినవారికి ఇక్కడ ఒక సౌకర్యం వున్నది. ఆది తాళానికి ఎనిమిది క్రియలు, క్రియకు నాలుగు అక్షరాలు, వెరసి 32. కనుక 64 వరసల పుటలో రెండు ఆవర్తాలు సరిగ్గా కుదురుతాయి. మిశ్రచాపు కావాలంటే పుటను 56 వరసలకు తగ్గించుకుంటే చాలు. మొదటి పాఠంగా నేను ఎంచుకున్నది మన పిల్లలందరూ మొదలుపెట్టే సరళీ వరసలే, ఆ మాయామాళవగౌళలోనే. స్వరస్థానాలు పన్నెండూ పెట్టెలో వున్నాయి. మరీ తారస్థాయికి పోతే మాత్రం చిప్పు లెక్క పూర్ణాంకాలలోనే వుండటంవల్ల స్వరం కొద్దిగా తప్పుతుంది. కిందిస్థాయిలో ఆ బాధ లేదు.

అసలు చిక్కు గమకం దగ్గర. స్వరాన్ని వూపే ఏర్పాటు ట్రాకర్‌లో వున్నది గాని, అది గడియారం లోలకంలాగా ఒకే తీరున వూగుతుంది. మన గమకం అట్లా వూగదు. ఒకచోట జారుతుంది, ఒకచోట పైస్వరాన్ని తాకీ తాకనట్టు తాకి వస్తుంది. దాన్ని రాయాలంటే స్వరం ఎప్పుడు కదిలింది, ఎంత కదిలింది, ఎక్కడ నిలిచింది అని సెకనులో యాభయ్యో వంతు చొప్పున తేల్చుకోవాలి. విసుగు పుట్టే పనే. కాని ఆ విసుగులోనే లాభం వున్నదని మా అక్కయ్య పాటతో తెలిసివచ్చింది.

మా అమ్మ జొన్నలు విసురుతూ పాడే పాట ఒకటి వుండేది. ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. మా ఇంట్లో విసుర్రాయి మూలపడి యాభై ఏళ్ళయింది. ఆ పాట ఇప్పుడు వచ్చినది మా అక్కయ్య ఒక్కదానికే. ఆమెకు 83 ఏళ్ళు. మాటలు సగం మరచిపోయింది, వరస మాత్రం వున్నది. ఆమె పాడగా ఫోనులో పట్టి దాచాం. అంతటితో పని అయిపోయిందనే ఇంటిల్లిపాదీ అనుకున్నారు. మా మనుమరాలు ఊరుకోలేదు.

"తాతా, పెద్దవ్వ పాట మన పెట్టెలో పెడదాం" అన్నది.

పెట్టటం మొదలుపెట్టాక ప్రశ్నలు పుట్టుకువచ్చాయి. అక్కయ్యను మెల్లగా పాడమంటే పాడలేదు. కుడిచెయ్యి బల్లమీద గుండ్రంగా తిప్పితేగాని ఆమెకు వరస రాదు. గడియారం పెట్టి లెక్కపెడితే నిమిషానికి 27 చుట్లు. ఒక్కొక్క చుట్టుకు 16 వరసలు వేసుకున్నాం. కంప్యూటరులో ఆ పాట మోగించగానే ఆమె చెయ్యి తిప్పటం ఆపేసింది.

"ఏమిరా, ఎవరు తరుముతున్నారు? ఇట్ల తిప్పితే పిండి కాదు, రవ్వ అయితాది" అన్నది.

సంగతేమిటంటే, జపాను, అమెరికా టీవీలలో సెకనుకు 60 సార్లు బొమ్మ మారుతుంది. మన టీవీలలో 50 సార్లు. చిప్పుకు పాట అందేది ఆ మార్పు లెక్కనే. వరసకు 7 బొమ్మలు చొప్పున, మన లెక్కలో నిమిషానికి 27 చుట్లు తిరిగే రాయి, వాళ్ళ లెక్కలో 32 చుట్లు తిరుగుతుంది. కంప్యూటరులో వున్నది వాళ్ళ లెక్క. మన పిల్లలు ఆనాడు విన్న మారియో పాట చాలా ఇళ్ళలో అసలుకన్నా ఆరో వంతు నిదానంగా నడిచేది. ఆ నిదానమే అసలని మనవాళ్ళ చెవులకు అలవాటయింది. లెక్క 50కి మార్చగానే అక్కయ్య చెయ్యి మళ్ళీ తిరిగింది.

రెండో సంగతి ఇంకా పెద్దది. పాటలో ప్రతి మూడో చుట్టుకూ ఒక ఖాళీ వస్తుంది. ఫోనులో విన్నప్పుడు పెద్దవయసు కదా, ఆయాసపడి ఆగిందని అందరమూ అనుకున్నాం. ట్రాకర్ అట్లా అనుకోనివ్వదు. ఖాళీకి కూడా ఇన్ని వరసలని అంకె వెయ్యాలి. అడిగితే అక్కయ్య నవ్వింది.

"ఆయాసం కాదురా. అమ్మ ఎడమచేత్తో పిడికెడు జొన్నలు రాతికంట్లో పోసేది. పోసేంతసేపు పాట ఆగుతాది, రాయి ఆగదు."

ఆ ఖాళీకి 8 వరసలు వేశాం, అంటే సరిగ్గా అరచుట్టు. నాలుగో గొంతు హోరును చుట్టుకొకసారి పెంచి తగ్గిస్తే రాయి గరగర వచ్చింది. పాట ఆగినచోట కూడా దాన్ని ఆగనివ్వలేదు. మూడో గొంతును కింది షడ్జంలో నిలిపాం. పాటను సగం వంతు ధ్వనికి ఇచ్చాం. మొత్తం నాలుగు పుటలు. ఆదివారాలు మాత్రమే కూచున్నాం గనుక రెండున్నర నెలలు పట్టింది.

"అంత కష్టం ఎందుకండీ, ఫోనులో వున్నదిగా!" అన్నది మా ఇంటావిడ. ఆమెకు ఆ ధ్వని కుక్కరు ఈలకు మేనత్త కూతురులాగా వినిపిస్తుందట. ఆమె ప్రశ్న న్యాయమైనదే. అక్కయ్య గొంతులోని తడి ఈ పెట్టెలో లేదు, ఎన్ని ఆదివారాలు కూచున్నా రాదు. అది ఫోనులోనే వున్నది, అక్కడే వుండాలి. కాని ఫోను ఇచ్చినది పుచ్చుకున్నది గాని, మమ్మల్ని ఏమీ అడగలేదు. ఈ పెట్టెకు ఏమీ తెలియదు గనుక అన్నీ అడిగింది: ఎంత వేగం, ఎంత ఖాళీ, ఎక్కడ జారు అని. దానికి జవాబు చెప్పటం కోసం మేము అక్కయ్యను అడిగాం. ఆమె వుండగా అడిగాం. ఆ పిడికెడు జొన్నల సంగతి ఇంకొన్నేళ్ళు పోతే చెప్పేవారెవరు?

ఇంకొక లాభం కూడా వున్నది. మా మనుమరాలు పాఠం చెప్పే టీచరమ్మ వేరే ఊరు వెళ్ళిపోవటంతో సంగీతం మానేసి రెండేళ్ళయింది. స్వరం స్వరం రాసి వినీ వినీ, ఆ పాట ఇప్పుడు నోటితో పాడుతున్నది. ఖాళీ వచ్చినచోట ఎడమచెయ్యి దానంతట అదే లేస్తుంది.

ఈ పని మొదలుపెట్టదలచినవారికి నా సలహాలు మూడు. ఒకటి, మొదటి నెల ఒకే గొంతుతో సరళీ వరసలు రాయండి. అయిదు గొంతులూ ఒక్కసారి ఎత్తుకుంటే సంతలో కేకలు అవుతుంది. రెండు, మూడు స్వరాలు ఒకేసారి మోగినట్టు వుండాలంటే, ఒకే గొంతులో వాటిని సెకనుకు యాభైసార్లు మార్చి మార్చి వేయండి, చెవి కలిపేసుకుంటుంది. ఈ ఆటల సంగీతం తీరంతా ఆ చిట్కాలోనే వున్నది. మూడు, అటకమీద పాతపెట్టె వుంటే పారవేయకండి. పాటను కాసెట్టుగా మార్చి అసలు పెట్టెలోనే వినవచ్చు. కొన్ని నకలు పెట్టెలలో పావు ధ్వని, సగం ధ్వని తారుమారై పలుకుతాయి. అట్లా వినిపిస్తే మీరు రాసినదాన్ని అనుమానించక, ముందు పెట్టెను అనుమానించండి.

ఏ పాట రాయాలని మాత్రం నన్ను అడగవద్దు. మీ ఇంట్లో చెయ్యి తిప్పుతూనో, కాలు వూపుతూనో పాడే పెద్దవాళ్ళు ఎవరో ఒకరు వుంటారు. వాళ్ళ పక్కన కూచుని, ఇక్కడ ఎందుకు ఆగావని అడగండి. పెట్టె సంగతి తర్వాత చూసుకోవచ్చు.