మూలం చూపించమనండి

ఇంగ్లీషు మందు రోగాన్ని అణచిపెడుతుందే తప్ప వేళ్లతో పెకిలించదన్న మాట ఇప్పుడు తెలుగు ఇళ్లలో సామెతలా చెలామణీ అవుతోంది. సమగ్ర వైద్యమని బోర్డు కట్టిన ప్రతిచోటా మొదట వినిపించేదీ ఇదే: పైపై లక్షణాలకు వాళ్లు చేస్తారు, మూలానికి మేం చేస్తాం. మరి రోగాల మూలాలు ఇంతవరకు కనిపెట్టిందెవరు?

చిత్తడి నేలల మీది చెడుగాలే మలేరియా తెస్తుందని లోకం తరతరాలుగా నమ్మింది. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి, మైక్రోస్కోపు కింద మలేరియా పరాన్నజీవిని చూశాడు. కడుపులో పుండుకు కారం, దిగులు కారణమని డాక్టర్లే దశాబ్దాల పాటు చెప్పారు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ వచ్చి అది హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా పని అంటే నమ్మినవాళ్లు తక్కువ. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి కడుపు పాడుచేసుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అలాంటి పుండ్లు నేడు కొద్దివారాల యాంటీబయాటిక్స్‌తో మానుతున్నాయి. ఇంతకంటే మూలానికి దిగిన వైద్యం ఏముంది?

సమగ్రమంటే ఏమిటో నల్లగొండను అడగాలి. మర్రిగూడ వైపు ఊళ్లలో నడుములు వంచి, ఎముకలు బిగదీసిన ఫ్లోరోసిస్‌కు మూలం బోరునీళ్లలోని ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగొద్దంటారు. ఒంట్లో విషాలు కడిగే కషాయమేదీ ఆ జబ్బును ఆపలేదు. కొత్త తరాన్ని కాపాడుతున్నది ఊరికి వచ్చిన కృష్ణా నీళ్లు. అందుకు పైపులు వేయాలి, ప్రభుత్వం మెడలు వంచాలి. మన సమగ్ర వైద్యుల చూపు రోగి నాలుక, పేగు, వంటగది దాటి వీధిలోకి రాదు.

పైగా వాళ్లకు ఏ రోగం చెప్పినా మూలం ఒకటే. థైరాయిడ్ అనండి, కీళ్లవాతం అనండి, పిల్లలు పుట్టలేదనండి, పేగుల్లో మలినం పేరుకుందంటారు. అన్ని తాళాలకూ ఒకే చెవి. తగ్గితే మందు గొప్పతనం, తగ్గకపోతే పథ్యం సరిగా చేయలేదని రోగి మీద నేరం.

శ్రీకాకుళం ఉద్దానంలో షుగరూ బీపీ లేనివాళ్లకు సైతం కిడ్నీలు పోతున్నాయి. నీళ్లు, పురుగుమందులు, భారలోహాలు, ఎండలో చాకిరీ, వంశపారంపర్యం అన్నీ వెతికిన పరిశోధకులు ఇదే కారణమని ఖాయంగా తేల్చలేదు. తేలలేదనే చెబుతున్నారు కూడా. అక్కడ డయాలసిస్ మూలాన్ని ముట్టుకోదు. అలాగని మానేస్తే మనిషి దక్కడు. టైప్ 1 షుగరున్న పిల్లాడికి ఇన్సులిన్ కూడా అంతే. మూలం తీసేస్తాం, సూదులు ఆపండి అన్నవాడి మాట వింటే రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. లక్షణాన్ని అదుపులో ఉంచడాన్ని చులకన చేసేవాళ్లు ఈ పిల్లాడి తల్లికి ఏం జవాబు చెబుతారు?

ఓపీలో డాక్టరు తలెత్తి చూడకుండానే చీటీ రాసే మాట నిజం. తిండి, నిద్ర, పని గురించి తీరిగ్గా అడిగేవాళ్ల దగ్గరికి జనం వెళ్తే తప్పుపట్టలేం. ఆ తీరిక ప్రతి ఆసుపత్రిలోనూ దొరకాలి. కానీ ఎంత ఓపిగ్గా విన్నా, వినడం వల్లనే రోగకారణం తేలదు.

కాబట్టి మూలం దొరికిందన్నవాళ్లను మూడు మాటలు అడగండి. ఏ పరీక్షలో కనబడింది? దాన్ని తీసేసినవాళ్లను, తీయనివాళ్లను పోల్చి చూశారా? మీరు చెప్పింది తప్పయితే అది తెలిసేదెలా? రాస్, మార్షల్ ఇలాంటి ప్రశ్నలకు నిలబడ్డారు గనకే వాళ్ల మాట నిలిచింది. వీటికి బదులు చెప్పకుండా ఫీజు మాత్రం పుచ్చుకునేవాళ్లు చేసేది ఊహ, దానికి మూలకారణమని పేరు పెట్టి అమ్మే హక్కు వాళ్లకు లేదు.