రోడ్డు వెంట సముద్రానికి

పిల్లలూ! సంగారెడ్డిలోనో, పటాన్‌చెరులోనో ఉండేవారికి ఊళ్ళోని పెద్ద రోడ్డు బాగా తెలుసు. ఫ్యాక్టరీలకు సరుకు తెచ్చే లారీలు పగలూ రాత్రీ దానిమీద తిరుగుతూనే ఉంటాయి. షిఫ్టు వదలగానే కార్మికులు గుంపులు గుంపులుగా ఇళ్ళకు పోతూ కనబడతారు. ఆ రోడ్డు ఎక్కడిదాకా పోతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

అది పుణెలో బయలుదేరి, షోలాపూరు, జహీరాబాదు మీదుగా సంగారెడ్డికి వస్తుంది. పటాన్‌చెరు, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నం చేరుతుంది. దాని పేరు 65వ నంబరు జాతీయ రహదారి. అంటే మీ ఊరి రోడ్డే సముద్రం ఒడ్డుకు పోతున్నదన్నమాట!

గోల్కొండ సుల్తానుల కాలంలో వారి ముఖ్యమైన రేవు మచిలీపట్నమే. ఇంగ్లీషు వర్తకులు 1611లో అక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. గోల్కొండకూ ఆ రేవుకూ మధ్య సరుకులు ఎద్దులమీద, బండ్లమీద నడిచేవి.

మీరు పెద్దవారయ్యాక ఒక స్నేహితుణ్ణి తోడు తీసుకుని, సైకిళ్ళమీద ఆ సముద్రం చూడబోయారనుకోండి. చేరగలరా? తప్పక చేరగలరు. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళమీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ముగ్గురు భూమిని చుట్టి 1928లో తిరిగివచ్చారు. వారి యాత్రతో పోలిస్తే మనది చిన్న ప్రయాణమే. పటాన్‌చెరు నుంచి మచిలీపట్నం దాదాపు 370 కిలోమీటర్లు. రోజుకు 65 కిలోమీటర్లు తొక్కితే ఆరు రోజుల దారి.

"పటాన్‌చెరు ఎత్తున ఉన్నది. సముద్రం పల్లాన ఉన్నది. తొక్కకుండానే జారిపోవచ్చు గదా!" అని మీలో ఒకరు అనవచ్చు. లెక్క వేసి చూద్దాం. పటాన్‌చెరు సముద్రమట్టానికి సుమారు 545 మీటర్ల ఎత్తున ఉన్నది. 545ను 370తో భాగిస్తే, కిలోమీటరుకు ఒకటిన్నర మీటరు పల్లం కూడా రాదు. సైకిలు తనంతట తాను దొర్లాలంటే దీనికి ఎన్నో రెట్లు వాలు కావాలి. పైగా ఆ వాలు ఒకే తీరుగా ఉండదు. దారిలో ఎక్కుళ్ళూ దిగుళ్ళూ ఎన్నో ఉన్నాయి. కాబట్టి తొక్కక తప్పదు.

విజయవాడ దాటితే నేల చదునుగా ఉంటుంది. ఇరుపక్కలా పంటకాలవలు, వరిచేలు. ఎక్కవలసిన మెట్ట ఒక్కటీ లేదు. అయినా మధ్యాహ్నం వేళ కాళ్ళు బరువెక్కిపోతాయి. ఎందుకో తెలుసా? ఎండకు నీటికన్నా నేల త్వరగా వేడెక్కుతుంది. నేలమీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. దాని చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అదే సముద్రపు గాలి. మీరు సముద్రంవైపు పోతుంటే అది మీ ముఖానికే కొడుతుంది.

వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుండగా, ఎదురుగాలి కూడా గంటకు 15 కిలోమీటర్లు వీచిందనుకోండి. గాలి లేనప్పటికన్నా నాలుగింతల బలంతో అది మిమ్మల్ని వెనక్కు నెడుతుంది. అందుకే తెలిసినవారు తెల్లవారుతుండగానే బయలుదేరి, ఎండ ముదరకముందే ఎక్కువ దూరం గడుపుకుంటారు.

ఇక ఇద్దరూ కలిసి పోయే పద్ధతి ఒకటి ఉన్నది. ఇద్దరిలో ఒకరికి బలం ఎక్కువ, ఒకరికి తక్కువ ఉండటం సహజం. మామూలు దారిలో బలం తక్కువవాడు ముందు నడవాలి. బలవంతుడు ముందుంటే తెలియకుండానే దూరమైపోతాడు. రెండోవాడు అందుకోవాలని రొప్పుతూ తొక్కుతాడు, సాయంకాలానికి చతికిలబడతాడు. ఒక్కడు ముందుగా చేరితే ప్రయాణం పూర్తి కాదు గదా! వెనకబడినవాడికోసం ఆగవలసిందే.

ఎదురుగాలి వీచినప్పుడు మాత్రం వరస మార్చాలి. అప్పుడు బలవంతుడు ముందుకు రావాలి. అతని శరీరం గాలిని చీలుస్తుంది, వెనకవాడికి గాలి దెబ్బ తగ్గుతుంది. సైకిలు పందేలలో వేగంగా పోయేవారికి ఇలా వెనక ఉండటంవల్ల నాలుగో వంతుకు పైగా శ్రమ కలిసివస్తుంది. అయితే ముందువాడు హఠాత్తుగా ఆగితే ఢీకొనకుండా, చాలినంత ఎడం ఉంచాలి.

మచిలీపట్నం నుంచి 216వ నంబరు రహదారి తీరానికి దగ్గరగా నైరుతి దిక్కుకు పోతుంది. అవనిగడ్డ దగ్గర కృష్ణను దాటి రేపల్లె, బాపట్ల మీదుగా చీరాల చేరటానికి రెండు రోజులు చాలు. డిసెంబరు, జనవరి నెలల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. అంటే మీ వీపు తట్టి ముందుకు తోస్తుంది! ఉప్పుగాలికి గొలుసు తుప్పు పట్టకుండా రోజూ తుడిచి నూనె వేయాలి.

కాని అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది. 1977 నవంబరు 19న మీ దారిలోని దివిసీమలోనే వేలమంది చనిపోయారు. కాబట్టి ఆ కాలంలో తీరానికి బయలుదేరరాదు. ఏ కాలంలోనైనా వాతావరణ వార్త వినకుండా కదలరాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. లారీలు తిరిగే రహదారి పసిపిల్లలకు తగినది కాదు. పెద్దయ్యాక బయలుదేరినా తలకు హెల్మెట్టు, సైకిలు వెనక ఎర్రదీపం ఉండాలి. చీకటి పడకముందే బస చేరాలి.

అందాకా పిల్లలు బడి మైదానంలోనే ఈ చిన్న పరీక్ష చేయవచ్చు. ఒక పెద్ద అట్టను రెండు చేతులా ఛాతీకి ఎదురుగా పట్టుకుని నడవండి. తరవాత పరుగెత్తండి. గాలి ఎంత గట్టిగా నెట్టిందో అట్టే చెబుతుంది. ఇప్పుడు మీ స్నేహితుణ్ణి కొంచెం ముందు పరుగెత్తమని, అతని వెనకగా మీరు పరుగెత్తండి. తేడా తెలిశాక మీరు ముందుకు వెళ్ళి, అట్ట అతని చేతికివ్వండి.