ఇంటిలో ఇంగ్లీషు: ఖాళీలలోని క్రియాపదములు

దేవరకొండ ప్రాంతమునుండి యొక సోదరి కడచిన మాసమున మాకొక జాబు వ్రాసినారు. ఆమె ఏడవ తరగతితో చదువు మానినవారు. కూతురు ఊరిలోని సర్కారు బడిలో అయిదవ తరగతి చదువుచున్నది. ఖాళీలను సరియైన క్రియాపదములతో పూరింపుమని పంతులమ్మ యిచ్చిన వాక్యములలో ఏడింటిని పిల్ల తల్లి చెప్పినట్లే వ్రాసికొని పోయినదట. అయిదు తప్పులైనవి. "నీకు రాదులే అమ్మా" అని పిల్ల పుస్తకము మూసికొన్నది. "దాని మాటకు నాకు కోపము రాలేదు, రేపటినుండి అది నన్నడుగదు గదా యన్నదే నా బాధ" అని యామె వ్రాసిరి. ఈ మాసపు పుట యామెకే.

2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణములోని ప్రభుత్వ పాఠశాలలయందు ఒకటి మొదలు ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. పుస్తకములను ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా అచ్చువేసిరి. బడిభాష వేరు, ఇంటిభాష వేరగుట నల్లగొండ, మహబూబునగరముల వారికి క్రొత్త గాదు. నిజాము కాలమున పై చదువు చాలవరకు ఉర్దూలోనే సాగెడిది. ఈ దేవరకొండలోనే 1931లో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతను ఆంధ్రమహాసభ జరిగినది. మాతృభాషలో చదువు కావలెనన్నది ఆ సభవారి కోర్కెలలో నొకటి. అది యటుండనిండు. పిల్ల పుస్తకములో ఒక పుట తల్లికి ముందే వచ్చునన్నది మనకు ముఖ్యము. ఆ పుటనుండియే ఎదుటి పుటకు పోవుదము.

మొదటి తప్పు: "షి డిడ్ నాట్ వెంట్ టు స్కూల్." నిన్నటి సంగతి గనుక "వెంట్" అని యామె తలచిరి. "వెళ్ళలేదు" అను మన మాటను విడదీసి చూడుడు. "వెళ్ళ" అనుటలో కాలము లేదు. జరిగిపోయిన కాలమును, జరుగలేదన్న మాటను రెంటిని "లేదు" ఒక్కటే మోయుచున్నది. "వెళ్ళెను లేదు" అని ఎవరైన అందురా? ఇంగ్లీషులోను అంతే. "డిడ్ నాట్" మూట నెత్తికెత్తుకొన్నది. ప్రక్కనున్న క్రియ వట్టి చేతులతో నడువవలెను. కావున "డిడ్ నాట్ గో". ప్రశ్నలోను "డిడ్ షి గో" అనియే.

రెండవది: "మై మదర్-ఇన్-లా కుక్ రైస్." ఇక్కడ "కుక్స్" ఉండవలెను. ఈ తప్పు ఆమె అజ్ఞానమువలన వచ్చినది కాదు, మర్యాదవలన వచ్చినది! అత్తగారు వండుచున్నారు అని మనము బహువచనము వాడుదుము. "వండుచున్నది" అనుటకు నోరు రాదు. ఇంగ్లీషు క్రియకు ఆ గౌరవము తెలియదు. అత్తగారైనను, మామగారైనను, జిల్లా కలెక్టరుగారైనను ఒక్కరే యైనచో చివర "స్" చేరును. ఐ, యు, వి, దే అను వానికి మాత్రము చేరదు. నామపదమునకు "స్" చేరిన బహువచనము, క్రియకు చేరిన ఏకవచనము, ఇదొక తలక్రిందుల వ్యవహారము. "ది గర్ల్ సింగ్స్" అనుటలో స్ క్రియకున్నది. "ది గర్ల్స్ సింగ్" అనుటలో బాలికలకు చేరి క్రియను విడిచినది. "చిల్డ్రన్" వంటి మాటలకు స్ లేకున్నను బహువచనమే గనుక "చిల్డ్రన్ సింగ్" అనవలెను.

మూడవది "ఐ యామ్ నోయింగ్ హర్ నేమ్." ఇది చిన్న సంగతి. ఆమె పేరు నాకు తెలుసును అందుము గాని, తెలుసుకొనుచున్నాను అనము. "ఐ నో" చాలును. వాంట్, బిలాంగ్ మొదలగు స్థితివాచకములకు సాధారణముగా "ఇంగ్" తగిలింపరాదు.

నాలుగవదాని యొద్ద కొంత నిలువవలెను. "మై బ్రదర్ హాజ్ గాన్ టు ముంబయి లాస్ట్ ఇయర్." పాలమూరు ఇండ్లలో ఈ వాక్యము బడి వాక్యము కాదు. కూలికి దూరదేశములు పోయినవారు లేని ఊరు అక్కడ అరుదు. తెలుగులో "అన్న ముంబయి పోయినాడు" అన్నచో అతడు తిరిగివచ్చెనో లేదో మాటలో తెలియదు. చెప్పువారి మొగము చూచి గ్రహింతుము. ఇంగ్లీషు మొగము చూడదు, క్రియను చూచును. "హాజ్ గాన్" అనగా పోయినాడు, ఇంకను అక్కడనే యున్నాడు. "హాజ్ బీన్" అనగా పోయి వచ్చినాడు. "వెంట్" అనగా ఫలానా కాలమున పోయెను, అంతే; ఇప్పుడెక్కడ నున్నాడో చెప్పదు. సంవత్సరముగాని, నెలగాని, "నిన్న" యనిగాని కాలము చెప్పితిమా, "హాజ్" నిలువదు. ఇక్కడ "లాస్ట్ ఇయర్" ఉన్నది గనుక "వెంట్". ఇంటి యజమాని ఊరలేడని బడికో కచేరికో అర్జీ వ్రాయునపుడు మాత్రము "హాజ్ గాన్" అనియే వ్రాయుడు. "వెంట్" అన్నచో, ఇప్పుడు వచ్చియుండును గదా యని గుమాస్తా అడుగవచ్చును.

అయిదవది: "ఇఫ్ ఇట్ విల్ రెయిన్, వి విల్ సో కాస్టర్." వానపడితే ఆముదాలు వేయుదుము. "పడితే" అనుటలో మనము భవిష్యత్తు చెప్పుచున్నామా? లేదు, "వేయుదుము" అన్నచోటనే యది యున్నది. కావున "ఇఫ్ ఇట్ రెయిన్స్". విల్ ఒక్కమారే.

వచ్చు మాసమునకు మూడు ఖాళీలు. గో అను క్రియతో: "దే డిడ్ నాట్ ___ టు ది ఫీల్డ్." వీవ్ అను క్రియతో: "మై ఆంట్ ___ శారీస్ ఎట్ పోచంపల్లి ఎవ్విరి డే." కమ్ అను క్రియతో: "ఇఫ్ ది బస్ ___ లేట్, వి విల్ వాక్." పిల్లలతో కలసి పూరించి మాకు వ్రాయుడు.

జాబు వ్రాసిన సోదరికి ఇంకొక మాట. మీ ఏడింటిలో సరిపోయినవి రెండు. వానిలో నొకటి "ఈచ్ ఆఫ్ ది గర్ల్స్ ___ ఎ స్లేట్" అనునది. మీరు "హాజ్" అని చెప్పితిరి. పట్టభద్రులనేకులు అక్కడ "హావ్" అని వ్రాయుట మేమెరుగుదుము. ఈ సంగతి మీ అమ్మాయికి చదివి వినిపింపుడు.