లేన్ ఇచ్చారు, సెకన్లు ఇవ్వలేదు



వార్షికోత్సవ సంచికలో ఆటల గురించి రాయమంటే ఎవరైనా కబడ్డీ, ఖోఖోల మీద రాస్తారు. నేను ఈత మీద రాస్తున్నాను. పాపాఘ్నిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువగా కనబడే వేంపల్లెలో ఈత గొడవ ఎందుకని మీరు నవ్వవచ్చు. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

కరోనా వల్ల ఏడాది వాయిదాపడిన టోక్యో ఒలింపిక్స్‌లో 2021 జూలై 25న మహిళల 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ హీట్స్ జరిగాయి. బ్యాక్‌స్ట్రోక్ అంటే వెల్లకిల ఈత. మొదటి హీట్‌లో ఉన్నది ముగ్గురే. జింబాబ్వే అమ్మాయి డొనాటా కటాయ్ 1 నిమిషం 2.73 సెకన్లలో మొదట వచ్చింది. అహ్మదాబాద్‌కు చెందిన మన మానా పటేల్ 1 నిమిషం 5.20 సెకన్లతో రెండో స్థానంలో, గ్రెనడా అమ్మాయి కింబర్లీ ఇన్స్ మూడో స్థానంలో నిలిచారు. సెమీఫైనల్‌కు అన్ని హీట్లలో కలిపి మొదటి 16 మందినే తీసుకుంటారు. ఈ ముగ్గురిలో ఎవరూ వెళ్లలేదు. మొత్తం మీద మానాది 39వ స్థానం. రెండు రోజుల తర్వాత ఫైనల్‌లో ఆస్ట్రేలియా అమ్మాయి కేలీ మెకోన్ 57.47 సెకన్లలో స్వర్ణం గెలిచింది.

మానా టోక్యోకు ఎలా వెళ్లింది? ఆ పోటీకి నేరుగా అర్హత కావాలంటే 1 నిమిషం 0.25 సెకన్లలో ఈదాలి. ఆమె 2021 జూన్‌లో బెల్‌గ్రేడ్‌లో ఈదిన సమయం 1 నిమిషం 3.77 సెకన్లు. అయినా చోటు దొరికింది. అర్హత సమయం అందుకున్న ఈతగత్తె లేని దేశం నుంచి కూడా ఒకరు పోటీలో ఉండాలని 'యూనివర్సాలిటీ కోటా' అనే ఏర్పాటు ఉంది. ఆ కోటాలో ఆమె వెళ్లింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు 14 ఏళ్ల బెంగళూరు అమ్మాయి ధినిధి దేశింగు కూడా అదే దారిలో వెళ్లింది.

కోటా! ఈ మాట వినగానే మన హాస్టల్ పిల్లలకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. పీజీలో చేరిన కొత్తలో ఒక క్లాస్‌మేట్ నన్ను "నీది కోటా సీటా?" అని అడిగింది. మనలో చాలామందికి ఈ ప్రశ్న కొత్త కాదు. దానికి తల వంచుకునేవాళ్లు కొందరు. "కాదు, ఓపెన్‌లో వచ్చింది" అని అబద్ధమాడేవాళ్లు కొందరు.

నేను అంటాను, తల వంచుకోవలసిన పని లేదు. మానాకు కోటా ఇచ్చింది ఒక లేన్ మాత్రమే. ఆమె లేన్‌లో నీళ్లు పలచగా లేవు. కొలను పొడవు ఆమె కోసం తగ్గలేదు. ఎవరూ గడియారం ఆపలేదు, ఒక్క సెకను కూడా కలపలేదు. మన సీటూ అంతే. చేరేటప్పుడు కటాఫ్ తేడా ఉంటుంది. చేరిన తర్వాత ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, పాస్ మార్కులూ ఒకటే. పాసై బయటికొచ్చిన ప్రతి పేపరూ మనం ఈదినదే.

అయితే కోటా వచ్చింది కదా, అన్నీ సరిపోయాయని కూడా అనలేను. మానాకూ మెకోన్‌కూ మధ్య 7.73 సెకన్లు ఉన్నాయి. ఆ సెకన్లు టోక్యోలో పోయినవి కావు. చిన్నప్పటి నుంచి దొరికే కొలను, కోచ్, తిండి, పోటీలు, వీటి దగ్గర పోయినవి.

జింబాబ్వేనే చూడండి. ఇదే వెల్లకిల ఈతలో ఆ దేశపు కిర్‌స్టీ కోవెంట్రీ 2004 ఏథెన్స్‌లోనూ 2008 బీజింగ్‌లోనూ 200 మీటర్ల స్వర్ణాలు గెలిచింది. 2005లో మాంట్రియల్‌లో, 2009లో రోమ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె తెల్లజాతి అమ్మాయి. అలాంటి దేశం తరఫున ఒలింపిక్స్‌లో ఈదిన మొదటి నల్లజాతి మనిషి డొనాటా కటాయ్. అదీ 2021లో! ఎక్కువమంది నల్లవాళ్లే ఉన్న దేశంలో అంతకాలం ఈతగాళ్లు పుట్టలేదా? పుట్టే ఉంటారు. కొలను గట్టు దాకా రానిచ్చినవాళ్లు లేరు.

ఆ కోవెంట్రీ 2025 మార్చి 20న అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి తొలి మహిళా అధ్యక్షురాలిగా ఎన్నికైంది. మార్చి 20 మనకు వేరే విధంగా గుర్తుండాలి. 1927లో అదే రోజున బాబాసాహెబ్ అంబేద్కర్ మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువు అందరిదీ అని పురపాలక సంఘం అప్పటికే తీర్మానించింది. తీర్మానం కాగితం మీద ఉంది, నీళ్లు మాత్రం అందలేదు. నీటి దగ్గరికి పోవడానికే పోరాడినవాళ్ల పిల్లలం మనం. అందులో దిగి ఈదడం మనకెందుకులే అని ఎలా అనుకుంటాం?

మన పల్లెల్లో మగపిల్లలు నడుముకు బెండ్లు కట్టుకొని దిగుడు బావుల్లో ఈత నేర్చుకునేవాళ్లు. ఆడపిల్లలు గట్టు మీద బట్టలకు కాపలా. ఇప్పుడు బోర్లు పడి ఆ బావులే ఎండిపోయాయి. వానలు పడినప్పుడు మాత్రం కుంటలు, క్వారీ గుంతలు నిండుతాయి. ఈత రానివాళ్లను మింగేది అవే. అందుకే ఈతను షోకు అనుకోకండి. అది ప్రాణం కాపాడే చదువు.

శిక్షణ ముందుగా అందితే ఏమవుతుందో మన సంక్షేమ గురుకులాలే చూపించాయి. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. వాళ్లను నేరుగా తీసుకుపోయి కొండ కింద నిలబెట్టలేదు. భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో తర్ఫీదు ఇచ్చారు. కూలివాళ్ల పిల్లలకు తర్ఫీదు దొరికితే శిఖరం ఎంత దూరమో పూర్ణ కొలిచి చూపించింది.

వెల్లకిల ఈతలో ఒక చిక్కుంది. ముఖం ఆకాశం వైపు ఉంటుంది కాబట్టి ఎదుటి గోడ కనబడదు. అందుకే గోడకు 5 మీటర్ల ముందు పైన జెండాల తాడు కడతారు. అది దాటాక ఎన్ని బారలు వేస్తే గోడ వస్తుందో లెక్క వేసుకుంటారు. ఇంట్లో మొదటగా చదువుకునే పిల్లకూ ముందున్న గోడ కనబడదు. ఏ ఫారం ఎప్పుడు నింపాలో, డిగ్రీ తర్వాత ఏముందో చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. ఆ జెండాల తాడు అక్కలు కట్టాలి. ఉద్యోగాల్లో ఉన్న అక్కలు నెలకొక ఆదివారం వచ్చి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పినా చాలు.

చెల్లెళ్లూ, వేంపల్లెలో కొలను కట్టమని నేను అడగడం లేదు. తాగునీటికే కటకటలాడే ఊరు మనది. కొలను ఉన్నచోటికి వేసవిలో పది రోజులు తీసుకుపొమ్మని, నేర్పడానికి ఒక మహిళా కోచ్‌ను, ఒంటి నిండుగా ఉండే ఈత దుస్తులను ఇమ్మని అడుగుదాం. ఇళ్లలో అమ్మానాన్నలను ఒప్పించే పని మనదే. సెలవులకు ముందే వార్డెన్ మేడమ్ గారికి అర్జీ ఇద్దాం. పాత విద్యార్థినిగా మొదటి సంతకం నేను పెడతాను.