చుక్కల్లోకి ప్రయాణం: ఏ రూల్సు పుస్తకం కొనాలి?

పిల్లలు ఏదైనా కొనిపెట్టమంటే మనం ముందు అడిగేది "ఎంత?" అని. ఆ తర్వాత అడిగేది "ఎన్నాళ్లు వాడతావు?" అని. అసలు చూసుకోవాల్సింది ఈ రెండోదే. ఈ వారం ఒక సోదరి ఉత్తరానికి జవాబు ఇక్కడినుంచే మొదలుపెడతాను.

ఆవిడగారి అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఆదివారం సాయంత్రం వాడూ, వాడి చెల్లెలూ, పక్క ఫ్లాట్ల పిల్లలు ముగ్గురూ భోజనాల బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడేవారట. దానికి బోర్డు ఉండదు, పావులుండవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలో పాత్రా తీసుకుని "నేనిలా చేస్తాను" అంటారు. అది కుదిరిందా, బెడిసికొట్టిందా అన్నది పాచికలు తేలుస్తాయి. కత్తులూ మంత్రాలూ ఉన్న పుస్తకంతో నాలుగు నెలలు బాగానే నడిచింది. అంతరిక్షంలోకి వెళదామనుకుని అదే పుస్తకాన్ని సాగదీస్తే మాత్రం కుదరలేదు. ఇద్దరు రావడం మానేశారు. వాడు మళ్లీ గది తలుపేసుకుని ఫోను పట్టుకున్నాడు. ఇంకో పుస్తకం కావాలంటాడు, ఆయనేమో దండగంటారు. తనకి మాత్రం ఆ ఐదుగురి గోల మళ్లీ వినాలని ఉందట. ఏది కొనాలో చెప్పమని రాశారు.

ఈ కోరిక చిన్నదేం కాదండీ. పదహారేళ్ల పిల్లాడు అమ్మకి వినబడేంత దూరంలో కూర్చుని మూడు గంటలు నవ్వుతూ మాట్లాడటం ఈ రోజుల్లో ఎన్ని ఇళ్లల్లో ఉంది?

ముందుగా, మొదటిసారి ఎందుకు చెడిందో చూద్దాం. ఇలాంటి ఆటలన్నిటికీ పెద్దక్క 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. అందులో వీరుడు మెట్టు మెట్టుగా బలం పెంచుకుంటాడు. మొదట్లో ఒక్క దెబ్బకి పడిపోయేవాడు, పై మెట్టుకొచ్చేసరికి పది దెబ్బలు తిన్నా లేచి నిలబడతాడు. రాక్షసుల కథకి అదే రుచి. రోదసి కథలో భయం వేరు. వేసుకున్న సూటుకి చిల్లు పడితే ఎంత వీరుడైనా అంతే. ఇంధనం అయిపోతే కత్తి ఎందుకూ పనికిరాదు. ఆ భయం పోతే కథలో ఉప్పు లేనట్టే. ఇడ్లీ రేకుల్లో దోసెలు పొయ్యబోతే రావు కదా, తప్పు పిండిదీ కాదు, రేకులదీ కాదు.

అందుకని కొనేముందు పిల్లాణ్ని ఒక్క మాట అడగండి: "మీ కథలో వారం వారం ఏం చేస్తారు?" సరుకులమ్ముకుంటూ గ్రహాలు తిరుగుతారా? యుద్ధాలా? ఎవరూ చూడని లోకాలు వెతుకుతారా? ఉత్తరంలోని అబ్బాయికి అన్నీ కావాలట! అలాంటప్పుడు ఎటు తిప్పినా వంగే రూల్సు కావాలి. నాకు తెలిసినంతలో నాలుగున్నాయి.

మొదటిది 'ట్రావెలర్'. 1977లో మార్క్ మిల్లర్ రాశారు, ఇప్పటికీ కొత్త ముద్రణలు వస్తున్నాయి. మామూలు పాచికలు రెండు చాలు. రెండూ కలిపి 8 గాని అంతకు మించి గాని పడితే పని అయినట్టు. పాత్రకి ఆ పని వచ్చుంటే కొంత కలుపుకుంటారు. ఏమీ కలపకపోతే 36 సార్లలో 15 సార్లు గెలుపు. అంటే సగానికి కొంచెం తక్కువ, ఉత్కంఠకి సరిపడా.

ఇందులో మన ఆడవాళ్లకి నచ్చే సంగతి ఒకటుంది. ఓడ కొనడానికి బ్యాంకు అప్పు! ముందు ఖరీదులో ఐదో వంతు కట్టాలి. ఆ తర్వాత నెలకి ఖరీదులో 240వ వంతు చొప్పున 480 నెలలు, అంటే 40 ఏళ్లు కట్టాలి. 24 లక్షల ఓడ అనుకోండి. ముందు 4 లక్షల 80 వేలు, తర్వాత నెలకి 10 వేలు. లెక్క తేలేసరికి 52 లక్షల 80 వేలు! వాయిదా తేదీ దగ్గర పడుతుంటే చేతిలో డబ్బుండదు, సరుకు అమ్ముడుపోదు. ఇక ఎలాంటి సాహసానికైనా సిద్ధపడతారు. పిల్లలకి ఇంటి వాయిదాలంటే ఏమిటో మనం చెబితే విసుక్కుంటారు గానీ, ఇక్కడ వాళ్లే కాగితం పెన్సిలు తీసి లెక్క వేస్తారు.

ఇంకో విశేషం. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి గెంతితే దాదాపు వారం పడుతుంది. ఓడకంటే వేగంగా కబురు వెళ్లే దారి లేదు. ఫోనుండదు, ఉత్తరాలే. పుట్టినప్పటినుంచీ ఫోను చూసిన పిల్లలకి ఎదురుచూడటం అంటే ఏమిటో తెలిసొస్తుంది.

పాత్ర తయారుచేయడం కూడా ఒక ఆటే. 18 ఏళ్లకి మొదలుపెట్టి నాలుగేసి ఏళ్ల చొప్పున ఉద్యోగం చేయిస్తూ పోవాలి. మొదటి ముద్రణలోనైతే పాచిక తిరగబడితే ఆట మొదలవకముందే పాత్ర చచ్చిపోయేది! ఇప్పటి ముద్రణల్లో మామూలుగా దెబ్బ తగిలో గొడవ జరిగో ఉద్యోగం పోతుందంతే. 34 దాటితే వయసు దెబ్బ మొదలవుతుంది గానీ, ఎన్నేళ్లు పనిచేస్తే అంత పనితనం. కాబట్టి నలభై రెండేళ్ల ఇంజినీరమ్మ ఈ ఓడలో బరువు కాదు, ఓడ నడిచేదే ఆవిడవల్ల.

రెండోది 'గర్ప్స్'. 1986లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ వాళ్లు తెచ్చారు. ఏ కథకైనా ఒకటే రూల్సు అన్నది దీని ఉద్దేశం. మూడు పాచికలు వేసి, మీ నైపుణ్యం అంకెకి సమానంగానో తక్కువగానో తెచ్చుకోవాలి. అంకె 10 అయితే సరిగ్గా సగం అవకాశం. పాత్రని పాయింట్లు ఖర్చుపెట్టి కొనుక్కోవాలి. ఎత్తంటే భయం, తీర్చాల్సిన బాకీ లాంటి లోపాలు పెట్టుకుంటే పాయింట్లు తిరిగొస్తాయి. ఇది మన పోపులపెట్టె లాంటిది. అన్నీ ఉంటాయి, అన్నీ ఒకే కూరలో వెయ్యకూడదు. ఏది వాడాలో, ఏది వదలాలో కథ నడిపేవాడు ముందే కూర్చుని తేల్చుకోవాలి. ట్యూషన్ల మధ్య అంత తీరిక ఉందా అన్నది చూసుకోండి. 'గర్ప్స్ లైట్' అని 32 పేజీల చిన్న పుస్తకం ఉచితంగానే దొరుకుతుంది. పెద్ద పుస్తకాల జోలికి పోయేముందు అది చదివించండి.

మూడోది 'ఫేట్ కోర్', 2013లో వచ్చింది. దీనికి నాలుగు పాచికలు. ఒక్కోదానిమీద కూడిక గుర్తు రెండు వైపులా, తీసివేత గుర్తు రెండు వైపులా, మిగతా రెండు వైపులా ఖాళీ. మనం అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తామే, చేతికి అలాగే ఉంటుంది. ప్రత్యేకం పాచికలు కొననక్కర్లేదు. మామూలు పాచికమీద 1, 2 పడితే తీసివేత, 3, 4 ఖాళీ, 5, 6 కూడిక అనుకుంటే సరి. ఇందులో పాత్రని అంకెలకంటే మాటల్లో చెబుతారు. "అన్న మాట వినని పైలట్" అని రాసుకుంటే, ఆ మొండితనం కలిసొచ్చిన చోట ఒక పాయింటు ఖర్చుపెట్టి లాభం పొందొచ్చు. అదే చిక్కు తెచ్చిన చోట పాయింటు తిరిగొస్తుంది. కబుర్లపోగు పిల్లలకి ఇది పండగే. ఓడ బరువూ, ఇంధనం లెక్కా కావాలనుకునేవాళ్లకి చప్పగా ఉంటుంది.

నాలుగోది 'స్టార్స్ వితౌట్ నంబర్'. కెవిన్ క్రాఫర్డ్ 2010లో రాసి, 2017లో సవరించారు. రూల్సులో ఎక్కువ భాగం ఉన్న ఉచిత ప్రతి ఉంది. కథ నడిపేవాడికి ఇది పెద్ద దన్ను. పాచికలు వేసుకుంటూ పట్టికలు చూస్తే ఏ గ్రహంలో ఏం గొడవ ఉందో, ఎవరికి ఎవరితో పడదో తేలిపోతుంది. ఆ పట్టికలు వేరే రూల్సుతోనూ వాడుకోవచ్చు. కొట్లాటలు మాత్రం పాత కత్తుల ఆటకి దగ్గరగా ఉంటాయి, కాబట్టి అలవాటైన పిల్లలకి తేలిక.

ఇక సోదరి అడిగినదానికి జవాబు. ఇప్పుడే ఏమీ కొనకండి. ఉచిత ప్రతులు దించుకుని, 'స్టార్స్ వితౌట్ నంబర్' పట్టికలతో నాలుగు గ్రహాలు తయారుచేయమనండి. ఒక ఆదివారం దాని రూల్సుతో, ఇంకో ఆదివారం 'గర్ప్స్ లైట్'తో, మరో ఆదివారం 'ఫేట్'తో ఒకే కథ ఆడించండి. పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి ముఖ్యమైన రూల్సు ఒక్క పేజీలో తెలుగులో రాయించి బల్లమీద పెట్టండి. ఆ పేజీ రాయలేకపోతే ఆ రూల్సు వాళ్లకింకా అర్థం కాలేదన్నమాట.

మూడు వారాలూ మీరు చూడాల్సింది గెలుపోటములు కాదు, ఆ ఐదుగురిలో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్లని. ఏ రూల్సుతో ఆడినప్పుడు ఆ పిల్ల ఎవరూ అడక్కుండానే "నేనిలా చేస్తాను" అందో, అదే మీ ఇంటి పుస్తకం. ఓడ ఖర్చులూ, సరుకుల బేరాలూ పిల్లలకి పట్టుబడితే అప్పుడు 'ట్రావెలర్' కొనండి, డబ్బు దండగ కాదు. ఆయనకి ఆ 480 వాయిదాల లెక్క చూపించండి, ఆయనే బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుంటారేమో!

ఇంకో ఏడాదిన్నరకి ఇంటర్ అయిపోయి తలో ఊరి హాస్టల్‌కి వెళతారు. చేతిలో ఉన్న ఆదివారాలు లెక్కపెట్టినవే. మానేసిన ఆ ఇద్దరికీ మీ అబ్బాయి చేతే కబురు చేయించండి. ఆరింటికి ఆట, ఏడింటికి పునుగులు అని చెప్పమనండి.